మిషిగన్ నీళ్ళు గట్టు దాటిన కథ

షికాగో శివారులోని మా నేపర్‌విల్ కుళాయిల్లో 1992 నుంచి మిషిగన్ సరస్సు నీళ్ళు వస్తున్నాయి. ఊరు మాత్రం ఆ సరస్సు పరీవాహక ప్రాంతంలో లేదు. ఇక్కడ కురిసిన వాన డ్యూపేజ్ నదిలో కలిసి, చివరికి మిసిసిపీలో పడి దక్షిణాన సముద్రానికి పోతుంది. మేం వాడి వదిలిన నీళ్ళదీ అదే దారి, సరస్సుకు తిరిగి చేరవు. నేను కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూముల రైతు బిడ్డను. పైవాళ్ళు తూములు ఎత్తేస్తే శివారు చేలు బీటలు వారడం చూస్తూ పెరిగాను. అందుకే ఈ నీళ్ళు మాకెలా దక్కాయో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

పంతొమ్మిదో శతాబ్దంలో షికాగో తన మురుగును నదిలోకి వదిలేది. నది సరస్సులోకి పారేది. ఊరు తాగేదీ ఆ సరస్సు నీళ్ళే. రోగాలు తట్టుకోలేక 28 మైళ్ళ కాలువ తవ్వి నదినే వెనక్కి తిప్పారు. ఇక ఆ మురుగు దిగువన సెయింట్ లూయిస్ వైపు పోతుంది. సెయింట్ లూయిస్ ఉన్న మిస్సోరీ రాష్ట్రం కోర్టుకెళ్ళి ఆపేస్తుందన్న భయంతో కాలువ అధికారులు 1900 జనవరి 2న, గడ్డకట్టే చలిలో, చడీచప్పుడూ లేకుండా చివరి మట్టికట్ట తెంచేశారు. మిస్సోరీ అదే నెలలో దావా వేసింది, 1906లో ఓడిపోయింది. తర్వాత సరస్సు ఒడ్డు రాష్ట్రాలు, సరస్సు మట్టం పడిపోతోందంటూ దావాకు దిగాయి. ఆ తగాదా దశాబ్దాలు నడిచింది. షికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రం ఈ సరస్సు నుంచి మళ్ళించే నీరు సగటున 3,200 క్యూసెక్కులు మించకూడదని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఏడాదికి దాదాపు 100 టీఎంసీలు. కృష్ణలో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 800 టీఎంసీల్లో ఎనిమిదో వంతు!

మరి మిషిగన్‌తో కలిపి గ్రేట్ లేక్స్ అనే మహా సరస్సుల్లో మిగిలిన వాటి సంగతి? సరిహద్దు జలాల మీద అమెరికాకు, కెనడా తరఫున బ్రిటన్‌కు 1909లో ఒప్పందం కుదిరింది. మిషిగన్ సరస్సు పూర్తిగా అమెరికాలోనే ఉంది కనుక ఆ లెక్కలోకి రాలేదు. 1985లో ఈ సరస్సుల ఒడ్డున ఉన్న ఎనిమిది రాష్ట్రాలు, రెండు కెనడా ప్రావిన్సులు కలిసి నీటి మళ్ళింపుల గురించి ఒక చార్టర్ మీద సంతకాలు చేశాయి కానీ దానికి చట్టబలం లేదు. ఆ లోటు 1998లో బయటపడింది. సుపీరియర్ సరస్సు నుంచి ఏడాదికి 60 కోట్ల లీటర్లు ఓడల్లో ఆసియాకు తీసుకుపోవడానికి ఒక కంపెనీకి ఆ ప్రావిన్సుల్లో ఒకటైన ఒంటారియో అనుమతి ఇచ్చింది. టీఎంసీలో యాభయ్యో వంతు, అంతటి సరస్సుకు అదో లెక్కా? అయినా రెండు దేశాల్లోనూ జనం భగ్గుమన్నారు, అనుమతి రద్దయింది. జనానిదే సరైన ఆలోచన అంటాను. ఇవాళ ఒక ఓడకు సరేనంటే, రేపు పైపులైను వేసుకుంటామన్న వాణ్ణి ఏ ముఖంతో కాదంటారు?

ఆ కంగారులోంచి పుట్టిందే 2008 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఎనిమిది రాష్ట్రాల ఒప్పందం, కాంపాక్ట్. మన జల వివాదాల్లో మొదటి ప్రశ్న ఎవరి వాటా ఎంత అని. ఇందులో వాటాలే లేవు. నీళ్ళు పరీవాహక గట్టు దాటకూడదు, అంతే. గట్టుకు అటూ ఇటూ పరుచుకున్న ఊళ్ళకు, కౌంటీలకు మాత్రం మినహాయింపు ఉంది. తీసుకున్న నీరు తాగునీటి సరఫరాకే వాడాలి, వాడాక శుద్ధి చేసి సరస్సుకు తిరిగి పంపాలి. కౌంటీ గట్టు మీద ఉండి ఊరు అవతల ఉంటే ఎనిమిది మంది గవర్నర్లూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఒక కంత మాత్రం వదిలేశారు. 5.7 గ్యాలన్లు మించని డబ్బాల్లో నింపి తీసుకుపోతే అది మళ్ళింపు కిందికి రాదు, ఆ సంగతి ఏ రాష్ట్రానికారాష్ట్రం చూసుకోవాలి. మన ఇళ్ళకొచ్చే 20 లీటర్ల క్యాను అందులో హాయిగా ఇమిడిపోతుంది. ఇది నాకు మింగుడుపడదు.

ఈ కాంపాక్ట్‌కు అసలు పరీక్ష విస్కాన్సిన్‌లోని వాకెషా. ఒకప్పుడు ఊటనీళ్ళకు పేరుపడ్డ ఊరు. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత సభ జరిగింది చూడండి, ఆ 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకు ఇక్కడి ఊటనీరు గొట్టాల్లో తీసుకుపోదామని అంతకు ముందు ఏడాది ఒక వ్యాపారి రాత్రిపూట రైల్లో కూలీలను దింపాడు. గంటలు మోగించి ఊరంతా ఆయుధాలు పట్టుకుని వచ్చి వాళ్ళను వెనక్కి పంపింది. అదే ఊళ్ళో తర్వాత బోర్లు లోతుకు పోయాయి, నీళ్ళలో రేడియం తేలింది. సరస్సు 20 మైళ్ళ లోపే, కానీ ఊరు గట్టుకు అవతల. ఏళ్ళ తరబడి అర్జీలు, అభ్యంతరాల తర్వాత 2016 జూన్‌లో ఎనిమిది రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. రోజుకు 82 లక్షల గ్యాలన్లు, అంటే 13 క్యూసెక్కులైనా లేవు. 2023 అక్టోబరులో మిల్వాకీ నుంచి నీళ్ళొచ్చాయి. వాడిన నీరు శుద్ధయి, మరో పైపులో రూట్ నదికి చేరి, రేసీన్ దగ్గర మళ్ళీ సరస్సులో కలుస్తోంది.

ఆ 13 క్యూసెక్కుల కోసం వాకెషా మోసిన భారంలో మా నేపర్‌విల్ మీద ఏదీ పడలేదు. సుప్రీంకోర్టు తీర్పు కింద ఉన్న ఇల్లినాయి మళ్ళింపును కాంపాక్ట్ ముట్టుకోలేదు. ఇప్పుడు మా దక్షిణాన జోలియెట్‌లో బోర్లు అడుగంటుతుంటే, ఆ ఊరు కూడా షికాగో ద్వారా సరస్సు నీళ్ళు తెచ్చుకోవడానికి 2030 గడువు పెట్టుకుని పైపులు వేస్తోంది. వాళ్ళకు నీళ్ళు రావాలి, కాదనను. తిరిగి పంపే పైపు గురించి వాళ్ళనూ అడగాలి, ముప్పై ఏళ్ళకు పైగా తాగుతున్న మమ్మల్నీ అడగాలి.