దానము, గ్రాంటు, గుర్తింపు : ఒక చారిత్రక విచారణ

అద్దంకి పేరు చెప్పగనే తెలుగు చదివినవారికి పండరంగని శాసనము స్ఫురించును. సుమారు 848 నాటి యీ శిలను మనవారు తరువోజ కొఱకు పలుమారులు పరిశీలించిరి. అది యొక దానశాసనమన్న సంగతి మాత్రము ఛందశ్చర్చలో మఱుగుపడుచుండును. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట ప్రోలయ వేమారెడ్డి ఇదే అద్దంకి రాజధానిగ నేలుచు, అన్యాక్రాంతములైన అగ్రహారములను మరల విప్రుల కిప్పించినట్లు రెడ్డిరాజుల శాసనములు చెప్పుచున్నవి. ఎఱ్ఱాప్రగడ హరివంశము నంకితమిచ్చినది ఈ ప్రభువునకే.

అగ్రహారము ఆనాటి చదువునకు జీవనాధారము. దత్తభూమి నపహరించువాని కెట్టి పాపము కలుగునో చెప్పు శ్లోకములు దానశాసనముల తుదను చెక్కుట పరిపాటి. అనగా నిబంధన దాతను, అతని తరువాతి రాజులను బంధించినది. ప్రతిగ్రహీత యేమి బోధించుచున్నాడో యేటేట చూచిపోవు ఉద్యోగి ప్రసక్తి అందు సాధారణముగ గానరాదు. ఆ చదువు ఏ కులములకు దక్కినది, ఏ కులములకు దక్కలేదు అన్న ప్రశ్న వేఱుగ నున్నది. దానిని మఱచి పూర్వకాలమును పొగడుట మా యుద్దేశము కాదు. నిబంధన యెవరి మెడకు చుట్టుకొన్నదన్నదే మా విచారణ.

1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యాపత్రముతో ఈ ముడి తిరుగవేయబడినది. ప్రైవేటు పాఠశాలలకు సర్కారు గ్రాంటు నిచ్చును. అందుకు బదులుగ పాఠశాల తనిఖీ కొప్పుకొనవలెను, విద్యార్థి యెంతో కొంత జీతము చెల్లింపవలెను. కొంతకాలము చెన్నరాజధానిలో ఫలితమును బట్టి గ్రాంటు నిచ్చు పద్ధతియు నడచినది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించును. తప్పినవారి మేరకు పంతులు సొమ్ము తగ్గును. అరుగుమీద బడి పెట్టుకొని ఊరివారిచ్చు గింజలతో బ్రతికిన పంతులునకు ఇది లాభమో నష్టమో తేల్చుట సులభము కాదు. నిలుకడయైన రాబడి కొంత కలిగినది. కాని ఏమి చెప్పవలెనో నిర్ణయించువాడు ఊరు దాటిపోయెను.

గ్రాంటు చేతిపగ్గముగ నెట్లు పనిచేయునో వంగరాష్ట్ర విభజన కాలమున స్పష్టమైనది. విద్యార్థులు రాజకీయములలో దిగిన పాఠశాలలకు గ్రాంటును, గుర్తింపును తీసివేయుదుమని 1905లో వంగదేశమున కార్లైల్ సర్క్యులరు, 1907లో దేశమంతటికి రిస్లీ సర్క్యులరు వెలువడెను. ఆ 1907లోనే రాజమహేంద్రవరమున వందేమాతరము బిళ్ళలు ధరించిన విద్యార్థులు శిక్షింపబడిరి; గాడిచర్ల హరిసర్వోత్తమరావు శిక్షణ కళాశాల నుండి బహిష్కృతులైరి. బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటనమును ఆ యేటిదే. ఈ వేడిలోనే గ్రాంటు వలదను పాఠశాల యొకటి కావలెనన్న తలంపు బందరులో రూపుదాల్చినది.

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్ల కృషితో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. సర్కారు ధనము, సర్కారు పరీక్ష రెండును వలదనుట దాని నియమము. నేత మొదలగు వృత్తులు, చిత్రకళ ఇచట చదువుతోపాటు నేర్పబడెను. ప్రమోదకుమార చటోపాధ్యాయుని యొద్ద అడివి బాపిరాజు చిత్రలేఖన మభ్యసించినది ఇచటనే. హనుమంతరావుగారు తమ జీవితమును దీనికే ధారవోసి 1922లో గతించిరి.

దీని చరిత్రను వ్రాసినవారు ధనలోపమునే ప్రధానముగ జెప్పుదురు. మేమట్లు తలంపము. ధనము కష్టముగనైనను చందాల రూపమున వచ్చెను. చందా పంటను బట్టి వచ్చునది; పత్తికిని మిరపకును ధర పడిన యేడు రైతు చేయి ముడుచుకొనును, మఱుసటి యేడు విప్పును. విప్పలేని ముడి పట్టాది. ఇచట చదివినవానికి సర్కారు కొలువు లేదు, యూనివర్సిటీలో ప్రవేశము లేదు. అందుచేతనే పట్టా నపేక్షింపని విద్యలు, ముఖ్యముగ చిత్రకళ, అచట రాణించినవి. పట్టా కొఱకే చదువు విద్యలు రాణింపలేదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరున స్థాపించిన శారదానికేతనము స్త్రీవిద్యకు సేవచేసినది. ఆనాడు స్త్రీలకు కొలువుల ఆశయే మిక్కిలి తక్కువ గనుక పట్టాలేమి అంతగ బాధింపలేదేమో యని మా ఊహ. జాతీయ కళాశాల మాత్రము స్వతంత్రభారతమున యూనివర్సిటీ గుర్తింపు క్రిందికి వచ్చి నిలిచినది.

ఈ చరిత్రను నేటి రాష్ట్రములకు అన్వయించునపుడు తారుమారైన యొక సంగతిని గమనింపవలెను. రాజ్యాంగము మొదట విద్యను రాష్ట్రముల జాబితాలో నుంచినది. 1976లో 42వ సవరణము దానిని ఉమ్మడి జాబితాకు మార్చినది. సమగ్రశిక్షా వ్యయమును పెక్కు రాష్ట్రములలో కేంద్రము నూటికి 60, రాష్ట్రము 40 వంతున భరించును. 2022లో వచ్చిన పీఎం శ్రీ పథకపు ఒప్పందము జాతీయ విద్యావిధానముతో ముడిపడియున్నదని తమిళనాడు సంతకము చేయలేదు. 2024-25కు రావలసిన సుమారు 2,152 కోట్ల రూపాయల సమగ్రశిక్షా సొమ్ము ఆగిపోగా, 2025 మే నెలలో ఆ రాష్ట్రము సుప్రీంకోర్టున దావా వేసెను. కేరళము 2025 అక్టోబరులో సంతకము చేసి, కొలది దినములలోనే దాని యమలును నిలిపివేసెను. మన రెండు తెలుగు రాష్ట్రములు పథకమున చేరినవి.

బందరు కళాశాలకు పట్టా నిచ్చు శక్తి లేకపోయెను. చందా యడుగు స్వేచ్ఛ యుండెను. రాష్ట్రమునకు పరీక్షామండలి తనదే, పట్టాయు తనదే. కాని పన్నులలో పెద్ద భాగము కేంద్రమునకు పోయి తిరిగి రావలసినదే. అందుచేత నేడు వలదనువాడు పరుల సొమ్మును వలదనుట లేదు. తనవారు కట్టినదాని వాటానే వదలుకొనుచున్నాడు. 1907 నాటి సర్క్యులరు బెదరింపునకును దీనికిని గల భేద మిదియే.

వలదనుటకు హక్కుగల ప్రభుత్వమును తన క్రిందివారికి దాతయే. తమిళనాడు 2006 చట్టముచే పాఠశాలలలో తమిళమును నిర్బంధము చేసినపుడు, హోసూరు, కృష్ణగిరి సీమలలోని తెలుగుపిల్లలు తమ మాతృభాషలో పరీక్ష వ్రాయుటకై మినహాయింపు గోరి న్యాయస్థానముల చుట్టు తిరుగవలసివచ్చెను.