సూరత్‌లో వ్యాపార కార్యక్రమాల నిర్వహణ: తేదీ ఖరారు నుంచి లెక్కల ముగింపు వరకు

గుజరాత్‌లోని సూరత్ నగరం వజ్రాలకు సానపట్టే పరిశ్రమకు, సింథటిక్ వస్త్రాల ఉత్పత్తికి దేశంలో ప్రధాన కేంద్రం. ఈ రెండు రంగాల్లోనూ అమ్మకందారులు, కొనుగోలుదారులు ముఖాముఖి కలుసుకునే ప్రదర్శనలు, సదస్సులు వ్యాపారంలో విడదీయరాని భాగం. 1940లో ఏర్పడిన సదరన్ గుజరాత్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ సర్సాణా వద్ద అంతర్జాతీయ ప్రదర్శన, సమావేశ కేంద్రాన్ని నిర్వహిస్తోంది. 2023 డిసెంబర్ 17న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ సూరత్ డైమండ్ బోర్స్‌ను, విమానాశ్రయ కొత్త టెర్మినల్ భవనాన్ని ఒకే రోజు ప్రారంభించారు. సుమారు 67 లక్షల చదరపు అడుగుల విస్తీర్ణం గల బోర్స్‌లో దాదాపు 4,500 కార్యాలయాలకు చోటుంది.

ఇటువంటి నగరంలో కార్యక్రమ నిర్వహణ కేవలం వేదిక అలంకరణ కాదు. సంస్థ పరిపాలన విభాగంలో ఒక ఉద్యోగి లేదా ఒక చిన్న బృందం నెలల తరబడి చేసే పని అది. ఆ పనిలో జరిగే లోపానికి మూల్యం చెల్లించేది రెండు వర్గాల వారు: హాజరైన ప్రజలు, తమ పెట్టుబడితో స్టాల్ తీసుకున్న చిన్న వ్యాపారులు. ఈ ఇద్దరికీ రక్షణ కల్పించే నిర్ణయాలు కార్యక్రమం నాడు కాక, అంతకు చాలా ముందే కాగితం మీద జరగాలి.

ఉద్దేశం, బాధ్యత

ప్రణాళికలో మొదటి పత్రం ఒక పుటకు మించనవసరం లేదు. కార్యక్రమం ఎందుకు, ఎవరి కోసం, ఎంతమందికి, ఎంత వ్యయంతో అన్న నాలుగు ప్రశ్నలకు అందులో సమాధానం ఉండాలి. కొత్త కొనుగోలుదారులను రప్పించడం లక్ష్యమైతే, వచ్చిన జనసంఖ్య కన్నా కుదిరిన వ్యాపార పరిచయాల సంఖ్యే విజయానికి కొలమానం అవుతుంది. సిబ్బంది సత్కార సభకు ఆ కొలమానం వర్తించదు.

ఆ తర్వాత ప్రతి పనికి ఒక బాధ్యుని పేరు, గడువు తేదీ రాసుకోవాలి. ఒకే పనికి ఇద్దరు బాధ్యులైతే ఎవరికి వారు రెండోవారు చూసుకుంటారని భావించే ప్రమాదం ఉంది. చెల్లింపులను ఆమోదించే అధికారం, అత్యవసర పరిస్థితిలో కార్యక్రమాన్ని నిలిపివేసే అధికారం ఎవరివో కూడా ముందే లిఖితపూర్వకంగా నిర్ణయించాలి.

తేదీ ఎంపిక

సూరత్‌లో తేదీ నిర్ణయానికి స్థానిక పంచాంగం తెలియాలి. దీపావళి సమయంలో వజ్రాల కార్ఖానాలు, జవుళి మార్కెట్లు మూతపడతాయి. లాభ పంచమి నుంచి వ్యాపారం తిరిగి ఊపందుకుంటుంది. వలస కార్మికులు అధికంగా స్వస్థలాలకు వెళ్లే కాలం కూడా అదే. నవరాత్రి, గణేశ నిమజ్జనం, జనవరి 14న ఉత్తరాయణం రోజుల్లో పోలీసు బందోబస్తు, మైదానాలు, హోటల్ గదులు దొరకడం కష్టం. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వర్షాకాలం. 2006 ఆగస్టులో తాపీ నది వరద నగరంలో అత్యధిక భాగాన్ని ముంచెత్తింది. ఈ నాలుగు నెలల్లో ఆరుబయట కార్యక్రమం తలపెట్టేవారు ప్రత్యామ్నాయ వేదికను, వాయిదా నిబంధనలను ఒప్పందంలోనే చేర్చుకోవడం అవసరం.

వేదిక, అగ్నిభద్రత

వేదిక ఎంపికలో అద్దె కన్నా ముందు చూడవలసినవి నిష్క్రమణ మార్గాలు. 2019 మే 24న సూరత్‌లోని సర్థాణా ప్రాంతంలో తక్షశిల ఆర్కేడ్ భవనంలో చెలరేగిన అగ్నిప్రమాదంలో, పై అంతస్తులో కోచింగ్ తరగతులకు వచ్చిన 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఐదేళ్ల తర్వాత, 2024 మే 25న రాజ్‌కోట్‌లోని టీఆర్‌పీ గేమ్ జోన్ అగ్నిప్రమాదం 27 మందిని బలిగొంది. ఇవి వ్యాపార సదస్సులు కావు. అయినా మూసిన ప్రదేశంలో జనాన్ని సమీకరించే ప్రతి నిర్వాహకుడికీ వాటి పాఠం వర్తిస్తుంది.

గుజరాత్‌లో అగ్ని నివారణ, ప్రాణ రక్షణ చర్యల చట్టం 2013 నుంచి ఉంది. భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ఉందో లేదో, దాని గడువు ఎప్పటివరకో పరిశీలించి ప్రతిని దస్త్రంలో ఉంచుకోవాలి. అయితే ఆ పత్రం ఖాళీ హాలు స్థితిని మాత్రమే చెబుతుంది. స్టాళ్లు, గుడ్డ తెరలు, తాత్కాలిక విద్యుత్ తీగలు, వంట గ్యాస్ సిలిండర్లు చేరాక హాలు స్వరూపం మారిపోతుంది. అందువల్ల ఏర్పాట్లు పూర్తయ్యాక, జనాన్ని అనుమతించక ముందు ప్రతి తలుపునూ తెరిచి చూడాలి.

అనుమతులు

పోలీసు, నగరపాలక సంస్థ, అగ్నిమాపక, విద్యుత్ శాఖల అనుమతులు కార్యక్రమ స్వభావాన్ని బట్టి అవసరమవుతాయి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ల వినియోగం నిషిద్ధం. లైసెన్సు లేని ప్రదేశంలో 100 మందికి మించి సమావేశమైతే కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు నిర్దేశించాయి. స్వచ్ఛ సర్వేక్షణ్-2023లో ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానం పొందిన నగరంలో చెత్త తొలగింపునకు ప్రత్యేక కేటాయింపు లేని బడ్జెట్‌ను సంపూర్ణమని చెప్పలేం.

ఇతర రాష్ట్రాల వ్యాపారులు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నుంచి సరుకు తెచ్చి సూరత్ ప్రదర్శనలో విక్రయించే వ్యాపారికి గుజరాత్‌లో స్థిరమైన వ్యాపార స్థలం లేకపోతే, జీఎస్టీ చట్టం కింద తాత్కాలిక పన్ను చెల్లింపుదారుగా నమోదు కావలసి ఉంటుంది. వ్యాపారం ప్రారంభానికి కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. అంచనా పన్నును ముందుగా జమ చేయాలి. ఈ నమోదు గరిష్ఠంగా 90 రోజులు చెల్లుతుంది. మరో 90 రోజుల వరకు పొడిగించుకోవచ్చు. కొన్ని హస్తకళా వస్తువుల విక్రేతలకు నిర్ణీత టర్నోవర్ వరకు షరతులతో మినహాయింపు ఉంది. ఈ సమాచారం స్టాల్ కేటాయింపు లేఖతో పాటే అందాలి. ప్రదర్శనకు ముందు రోజు తెలిస్తే నేత పనివారి వంటి చిన్న విక్రేతలు అద్దె, రవాణా ఖర్చులు రెండూ నష్టపోతారు.

ప్రవేశం, భాష

జనం రద్దీ ఏర్పడేది చాలాసార్లు ప్రవేశద్వారం వద్దే. ఉదాహరణకు ఒక్కొక్కరి నమోదుకు రెండు నిమిషాలు పడితే, 10 కౌంటర్లు గంటకు 300 మందినే పంపగలవు. 3,000 మంది లోపలికి వెళ్లడానికి పది గంటలు కావాలి. ముందస్తు నమోదు, క్యూఆర్ కోడ్ పరిశీలనతో ఆ సమయం 20 సెకన్లకు తగ్గితే అదే పని గంటా నలభై నిమిషాల్లో ముగుస్తుంది. నిర్వాహకులు ఈ లెక్క వేశాకే కౌంటర్ల సంఖ్యను నిర్ణయించాలి.

అతి భారీ సమీకరణకు సూరత్‌లో సమీప ఉదాహరణ 2023 జూన్ 21 అంతర్జాతీయ యోగా దినోత్సవం. ఆ రోజు 1.53 లక్షల మంది ఒకేచోట యోగాభ్యాసం చేసి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. అంతకుముందు రికార్డు 2018లో రాజస్థాన్‌లోని కోటాలో 1,00,984 మందితో నమోదైంది. ఇటువంటి గుర్తింపు లభించాలంటే హాజరును నిరూపించే లెక్క ఉండి తీరాలి.

నగర జనాభా స్వరూపం కూడా ప్రణాళికలో భాగమే. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఆంగ్లం, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. మరమగ్గాల పరిశ్రమలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. కార్మికులు హాజరయ్యే కార్యక్రమంలో అత్యవసర ప్రకటనలు, దారి సూచికలు ఒక్క గుజరాతీకే పరిమితమైతే కొందరికి అవి చేరవు.

కార్యక్రమం నాడు, ఆ తర్వాత

నిమిషాల వారీ పట్టిక, సరఫరాదారుల ఫోన్ నంబర్లు, సమీప ఆసుపత్రి, అంబులెన్సు నిలిపే స్థలం వివరాలు ముద్రిత ప్రతిలో ప్రతి బాధ్యునికీ ఇవ్వాలి. జనం రద్దీలో మొబైల్ సంకేతాలు బలహీనపడవచ్చు కాబట్టి ఫోన్‌పైనే ఆధారపడరాదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో జనసమూహాల నిర్వహణపై వెలువరించిన మార్గదర్శిని ప్రమాదాల ముందస్తు అంచనాకు, శాఖల సమన్వయానికి ప్రాధాన్యమిచ్చింది.

వేదిక ఖాళీ అయ్యాక సరఫరాదారుల బిల్లులు, పన్ను మినహాయింపులు, స్టాల్ డిపాజిట్ల వాపసు పూర్తిచేసి, అంచనా వ్యయాన్ని వాస్తవ వ్యయంతో పోల్చాలి. ఏ ద్వారం వద్ద ఎంతసేపు ఆలస్యమైంది, ఏ అనుమతి ఎన్ని రోజులకు వచ్చింది, ఏ వ్యాపారి ఏమని ఫిర్యాదు చేశారు అన్న వివరాలను వారం లోపే నమోదు చేయడం మేలు. మరుసటి ఏడాది అదే బాధ్యత మరొకరికి అప్పగిస్తే, వారికి మొదట అందవలసిన దస్త్రం అదే.