రాజ్యాంగంలో ఒక ఫసలీ సంవత్సరం

భారత రాజ్యాంగంలో '1358 ఫసలీ' అన్న మాట ఉందని తెలిసిన రోజు నాకు పట్టరాని సంబరమేసింది. పాత పహాణీల్లో, శిస్తు రసీదుల్లో కనబడే ఆ పంటల లెక్క దేశపు అత్యున్నత శాసనంలోకి ఎలా చేరింది?

తొమ్మిదో షెడ్యూలులో పన్నెండో వరుస చూడండి. హైదరాబాద్ జాగీర్ల రద్దు రెగ్యులేషన్ అది. పోలీసు చర్య తరవాత, 1949లో, మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌధురి హయాంలో వచ్చింది. దానికి కాస్త పైన, తొమ్మిదో వరుసలో, మన కోస్తా జమీందారీలను రద్దుచేసిన 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల చట్టం. రాష్ట్రాలు కలవడానికి ఐదేళ్ల ముందే తెలంగాణ రైతూ ఆంధ్ర రైతూ ఈ పేజీలో పక్కపక్కన చేరారు.

ఆ పేజీ పుట్టడానికి కారణం బీహారు. అక్కడి భూసంస్కరణ చట్టం చిన్న జమీందారుకు ఆదాయానికి 20 రెట్లు, అందరికన్నా పెద్దవాడికి 3 రెట్లు పరిహారం ఇమ్మంది. ఇది సమానత్వానికి విరుద్ధమని 1951 మార్చిలో పాట్నా హైకోర్టు కొట్టేసింది. నెహ్రూ మేలో సవరణ బిల్లు తెచ్చారు. శ్యామాప్రసాద్ ముఖర్జీ సభలో గట్టిగా ఎదిరించినా జూన్ 18కల్లా అది అమల్లోకి వచ్చింది. అప్పటికి మొదటి సాధారణ ఎన్నికలైనా జరగలేదు. ఈ షెడ్యూలులో చేర్చిన చట్టం ప్రాథమిక హక్కులకు విరుద్ధమని ఏ కోర్టూ కొట్టేయరాదు, ఇదివరకే కొట్టేసినా ఆ తీర్పు చెల్లదు అంది 31-బి అధికరణం. లోపల ఉన్నవి 13 చట్టాలే, అన్నీ భూమివే. ఆ గొళ్ళేన్ని నేను తప్పుపట్టను. వాయిదాలకు వదిలేస్తే దున్నేవాడి తరం గడిచిపోయేది.

తరవాత 1967. రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గోలక్‌నాథ్ కేసులో 6-5 మెజారిటీతో, ఇకపై ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్నారు. పాత సవరణల జోలికి పోలేదు గనక మన ఫసలీ క్షేమం. కొద్ది వారాలకే ఆయన పదవి వదిలి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. తాను కట్టడిచేసిన పార్లమెంటు సభ్యులనే ఓటడిగి, జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడారు.

1973 ఏప్రిల్ 24న కేశవానంద కేసులో సుప్రీంకోర్టు తీర్పు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు ముట్టుకోవద్దంది. మర్నాడే ప్రభుత్వం ముగ్గురు సీనియర్లను దాటేసి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించింది. 1975లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, అదే షెడ్యూలులో 92వ వరుసకు మీసా ఎక్కింది. విచారణ లేకుండా మనుషుల్ని జైల్లో పెట్టే చట్టానికి రైతు గొళ్ళెం! నాకు అన్నిటికన్నా బాధ అక్కడే. కోర్టును ఎందుకు ఆపుతున్నామో జనానికి చెప్పగలిగిన ధైర్యం ఆనాటితో పోయింది.

44వ సవరణ మీసాను తొలగించింది. కేశవానంద తీర్పు తరవాత చేరినవాటిని పరీక్షిస్తామని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. వరుసలు 284 దాకా పాకాయి. 92 దగ్గర ఇవాళ చట్టం పేరు లేదు. పన్నెండో వరుసలో మాత్రం 1358 ఫసలీ అలాగే ఉంది.