వింటేజ్ మోటారు సైకిల్ ఫ్రేము నిర్మాణం – కోల్‌కతా

వింటేజ్ ఫ్రేము నిర్మాణమంటే పాత మోటారు సైకిల్‌లో ఇంజనును, చక్రాలను, హ్యాండిల్‌ను మోసే ఉక్కు గొట్టాల చట్రాన్ని విడిగా కొత్తగా తయారుచేయడం. పాత బ్రిటిష్ బళ్ళలో చాలావాటికి గొట్టాలను పోత లగ్గుల్లో (గొట్టాలు కలిసే చోట ఉండే కీళ్ళలో) దూర్చి బ్రేజింగ్ చేసేవారు, అంటే కరిగించిన ఇత్తడితో అతికేవారు. 1950లో వచ్చిన బ్రిటిష్ కంపెనీ నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేములో మాత్రం రేనాల్డ్స్ 531 ఉక్కు గొట్టాలను లగ్గులు లేకుండా కంచు వెల్డింగుతో అతికారు. ఖర్చును తేల్చేది ఈ తేడాయే. వెల్డింగ్ ఫ్రేముకు గొట్టాలు వంచే పరికరం, కొలత చెదరకుండా పట్టి ఉంచే జిగ్ ముఖ్యం. లగ్గుల ఫ్రేముకు వీటితోపాటు ప్రతి లగ్గుకూ అచ్చు, పోత, మెషినింగ్ కావాలి. ఒక్క ఫ్రేము కోసమే జిగ్ కడితే దాని ఖర్చంతా ఆ ఒక్కదానిపైనే పడుతుంది.

కోల్‌కతాలో నైపుణ్యానికి లోటు లేదు. మల్లిక్ బజార్‌లో పాత విడిభాగాలు దొరుకుతాయి, నది దాటితే హౌరా ఫౌండ్రీలున్నాయి. అసలు అడ్డంకి చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ హోదాకు బండి మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటాలి, ఛాసిస్ (ఫ్రేము) మారకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20,000, గడువు 10 ఏళ్ళు. అంటే ఎంత చక్కగా కట్టినా కొత్త ఫ్రేము ఆ హోదాను ప్రమాదంలో పెడుతుంది. గంగాతీరపు తేమలో తుప్పుపట్టిన ఫ్రేమును నమ్మలేమన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే తుప్పు తిన్న గొట్టాన్ని మాత్రమే తీసి, అదే వ్యాసం, అదే మందం గల అతుకులేని గొట్టం వేయవచ్చు. ఛాసిస్ నంబరున్న భాగం అలాగే మిగులుతుంది. పూర్తి ఫ్రేము నిర్మాణం రోడ్డెక్కని ప్రదర్శన బళ్ళకే ఎక్కువగా తగినది.