కానరాని మాడ్యూళ్ళు

1949వ సంవత్సరము మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను గణనయంత్రము తన తొలి ప్రోగ్రామును నడిపి, వర్గసంఖ్యల పట్టికను అచ్చువేసెను. దాని నిర్మాణమునకు నాయకుడు మారిస్ విల్క్స్. వర్గమూలము కట్టుట, సైను విలువ తీయుట, ఫలితమును అచ్చొత్తుట వంటి పనులు దాదాపు ప్రతి ప్రోగ్రాములోను వచ్చుచుండును. వానిని ఎవరికి వారు మరల వ్రాసికొనుట వృథాశ్రమ. వ్రాసినప్పుడెల్ల కొత్త తప్పులు దొర్లును. కావున ఆ బృందమువారు ఒక్కొక్క పనిని ఒకసారి సరిగా వ్రాసి, పరీక్షించి, చిల్లుల కాగితపు టేపుపై ఎక్కించి, ఒక ఉక్కు బీరువాలో దాచిరి. ఈ తునకలకే సబ్‌రొటీనులని పేరు. 1951లో విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురు ఈ పద్ధతిని వివరించు గ్రంథమును ప్రకటించునాటికి అట్టివి 87 ఉండెను.

కావలసినవాడు బీరువా తెరచి, ఆ టేపును తన ప్రోగ్రాము టేపుపైకి యంత్రముతో నకలు తీసికొనవలెను. ఏ యే తునకలు కావలయునో ఎరిగినవాడు ప్రోగ్రాము వ్రాసిన మనిషి యొక్కడే. అతడు ఒకటి మరచినచో లెక్క చెడినట్లే.

ఈ వెదకులాటను యంత్రమునకే అప్పగించిన ఘనత 1952లో అమెరికాలో యూనివాక్ యంత్రమునకై ఏ-జీరో అను సాధనమును రూపొందించిన గ్రేస్ హాపర్‌ది. సబ్‌రొటీనులను అయస్కాంత టేపుపై ఉంచి, ఒక్కొక్కదానికి ఒక సంకేతసంఖ్య నిచ్చిరి. ప్రోగ్రాములో ఆ సంఖ్యలు వరుసగా వ్రాసినచో యంత్రమే తునకలను ఏరి కూర్చెడిది. ఒక్క సంగతి గమనింపదగును. యంత్రము ఏరగలిగినది ఆ సంఖ్యలు ఎదుట వ్రాసి యున్నందుననే.

1960ల నడుమ మల్టిక్స్ అను వ్యవస్థను తలపెట్టినవారు వేరు త్రోవ త్రొక్కిరి. భాగములను ముందుగా కూర్పక, ప్రోగ్రాము నడచుచుండగా ఏ పేరు తగిలిన ఆ భాగమును అప్పుడే వెదకి తెచ్చుట వారి పద్ధతి. మేలే, కాని ఆ భాగము ఆ యంత్రముపై ఉండి తీరవలెను.

1991లో గిడో వాన్ రాసమ్ లోకమునకు విడిచిన పైథాను భాషయు ఈ త్రోవదే. ఇంపోర్ట్ అను మాట వ్రాసి మాడ్యూలు పేరు పెట్టినచో, నడచునప్పుడు అది వెదకబడును. వ్రాసినవాని యంత్రముపై పైథాను, దాని మాడ్యూళ్ళు అన్నియు ఉండును. ఆ ప్రోగ్రామును పైథాను లేని పాఠశాల కంప్యూటరుపై నడపుట యెట్లు? అన్నిటిని ఒకే మూటగా కట్టి, స్వయముగా నడువగల ఫైలుగా పంపవలెను. 2005 నుండి ప్రచారములోనికి వచ్చిన పైఇన్‌స్టాలరు అట్టి సాధనము. అది ప్రోగ్రామును నడపకయే చదివి, ప్రతి ఇంపోర్ట్ మాటను గుర్తించును. అట్లు దొరికిన మాడ్యూళ్ళలోని ఇంపోర్ట్ మాటలను కూడ చదువును. కొత్త పేరు దొరకని దాక ఇట్లే సాగును.

పొరుగూరి పెండ్లికి పోవు వంటవాని కాగితము చూచి, సంభారములు మూటగట్టు పిల్లవానిని తలచుకొనుడు. “పప్పులో చింతపండు” అని యున్నచో చింతపండు కట్టును. “అతిథి అడిగిన పచ్చడి వడ్డింపుము” అని యున్నచో ఏమి కట్టగలడు?

పైథానులో ఇట్టి పచ్చడి నిజముగానే కలదు. అక్షరసంకేతములను మార్చు మాడ్యూళ్ళు ఎన్‌కోడింగ్స్ అను ఒక కుటుంబముగా ఉండును. ఏ సంకేతము కావలయునో ఆ పేరును కుటుంబనామమునకు అప్పటికప్పుడు తగిలించి ఇంపోర్ట్ చేయుదురు. అందులో ఇడ్నా అనునది ఇంగ్లీషేతర లిపులలోని ఇంటర్నెట్టు చిరునామాలను మార్చునది; “.భారత్” అని తెలుగులో ముగియు చిరునామాలకు ఈ పద్ధతియే ఆధారము. సాదా ఇంగ్లీషు చిరునామాకు సైతము పైథాను పెక్కు కూర్పులలో దీనినే పిలుచుచుండెను. ప్రోగ్రాము వ్రాసినవాడు దాని పేరైనను ఎత్తియుండడు. అతని యంత్రముపై అంతయు సవ్యముగా నడచును. మూటను విప్పుకొన్నవాని తెరపై మాత్రము “అన్‌నోన్ ఎన్‌కోడింగ్: ఇడ్నా” అను పలుకు కనబడి ప్రోగ్రాము ఆగును. తప్పు ఎదురైనవానికి దిద్దు శక్తి లేదు. దిద్దగలవానికి తప్పు కనబడదు. ఈ లోపములోని అసలు కష్టము ఇదియే.

దిద్దుబాటుకు మొదట తెరపైని మాటను పూర్తిగా చదువవలెను. లోపించిన పేరు సాధారణముగా అందులోనే యుండును. 2016లో వచ్చిన పైథాను 3.6 నుండి దీనికి మాడ్యూల్ నాట్ ఫౌండ్ అను ప్రత్యేకమైన పేరు ఏర్పడినది. పిదప ఆ మాడ్యూలు మూట కట్టు పైథానులో అసలు ఉన్నదా యని చూడవలెను. ఒకే కంప్యూటరుపై రెండు మూడు పైథానులుండి, ఒకదానిలో మాడ్యూలు చేర్చి వేరొకదానితో మూట కట్టువారు తక్కువమంది కారు. లేనిదానిని ముందు స్థాపింపవలెను. ఉండియు సాధనమునకు కనబడనిచో, హిడెన్ ఇంపోర్ట్ అను ఆదేశముతో పేరు చెప్పి చేర్పింపవచ్చును. సాధనము వ్రాసి పెట్టు హెచ్చరికల ఫైలు కూడ ఉపకరించును గాని, అందులోని పేర్లన్నియు దోషములు కావు. విండోస్‌పై అక్కరలేని యూనిక్స్ మాడ్యూళ్ళు సైతము ఆ పట్టికలో కెక్కును. అన్నిటిని గ్రుడ్డిగా చేర్చినచో మూట బరువే పెరుగును. చివరకు పైథాను లేని యంత్రముపై నడపి చూడవలెను. వ్రాసినవాని యంత్రముపై చేసిన పరీక్ష ఈ విషయమున చెల్లదు.

ఒకరు కనుగొన్న పేరును ప్రతివారు మరల వెదకనక్కర లేకుండ, ఒక్కొక్క మాడ్యూలుకు కావలసిన మరుగు పేర్లను హుక్ అను చిన్న ఫైలులో వ్రాసి యుంచు ఏర్పాటు కలదు. ఎన్‌కోడింగ్స్ కుటుంబమునకైన హుక్ ఆ కుటుంబమునంతటిని రప్పించెడిది. 2020లో బయటివారి మాడ్యూళ్ళకు సంబంధించిన హుక్‌లను వేరొక సంకలనముగా విడదీసిరి; లోపమును కనిపెట్టినవారు ఎవరైనను ఒక హుక్ వ్రాసి దానికి పంపవచ్చును.