సామాన్య విద్య: ఒక రసాయనిక శాస్త్రజ్ఞుని ప్రయోగం

రసాయనిక శాస్త్రం చదువుకొనే విద్యార్థికి చరిత్ర ఎందుకు? చరిత్ర చదువుకొనే విద్యార్థికి రసాయనిక శాస్త్రం ఎందుకు? పట్టభద్రుడు కాగోరే ప్రతి విద్యార్థీ, తన ప్రత్యేక విషయంతోపాటు ఇతర విజ్ఞాన శాఖల పరిచయం కూడా పొందవలెననే నియమాన్నే ‘సామాన్య విద్య’ అంటారు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్నకు సుమారు 75 సంవత్సరాల కాలంలో మూడు వేర్వేరు సమాధానాలు వచ్చాయి. విశేషమేమంటే, మొదటి సమాధానాన్నీ, చివరి సమాధానాన్నీ ఇచ్చినవారు ఇద్దరూ రసాయనిక శాస్త్రజ్ఞులే.

1869లో చార్లెస్ ఎలియట్ హార్వర్డ్ అధ్యక్షుడయ్యాడు. అంతకు పూర్వం విద్యార్థులు చాలావరకు గ్రీకు, లాటిను, గణితం వంటి విషయాలనే నిర్బంధంగా చదివేవారు. వేగంగా పెరుగుతున్న విజ్ఞానశాస్త్రాలకు తగిన చోటు ఉండేది కాదు. ఎలియట్ నిర్బంధ విషయాలను క్రమంగా తొలగించి, ఎన్నుకొనే స్వేచ్ఛను విద్యార్థికే వదిలాడు. దీనివల్ల విజ్ఞానశాస్త్రాలకు ఎంతో మేలు కలిగింది. కాని సులభమైన ప్రారంభ పాఠాలనే ఏరుకొని, ఏ విషయంలోనూ లోతు లేకుండానే పట్టం పుచ్చుకొనేవారు కూడా బయలుదేరారు.

1909లో ఎలియట్ తరువాత వచ్చిన లోవెల్ ఈ స్వేచ్ఛకు హద్దులు పెట్టాడు. ఒక విషయంలో లోతు, మిగిలిన శాఖలలో కొంత పరిచయం ఉండవలెనన్నాడు. ఈ పద్ధతి నేటికీ అనేక దేశాలలో కనబడుతుంది. అయితే ఇందులోనూ ఒక లోపం ఉన్నది. చరిత్ర విద్యార్థి భౌతికశాస్త్రపు మొదటి పాఠాలలో చేరితే, ఆ పాఠాలు కాబోయే భౌతికశాస్త్రజ్ఞుని కోసం ఏర్పడినవి. కొన్ని సూత్రాలు కంఠస్థం చేసి, పరీక్ష కాగానే అతడు వాటిని మరచిపోతాడు.

ఈ లోపాన్ని గుర్తించినవాడు జేమ్స్ కోనంట్. ఇతడు 1933లో అధ్యక్షుడైన రసాయనిక శాస్త్రజ్ఞుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అణుబాంబు నిర్మాణానికి సంబంధించిన నిర్ణయాలలో పాల్గొన్నాడు. ఇకమీదట వైజ్ఞానిక విషయాలపై తీర్పు చెప్పవలసినవారు శాసనసభ్యులు, సామాన్య పౌరులు. వారిలో అత్యధికులు శాస్త్రజ్ఞులు కారు. మరి వారికి ఏమి నేర్పాలి? 1943లో కోనంట్ ఒక సంఘాన్ని నియమించాడు. సామాన్య విద్యపై ఆ సంఘం నివేదిక 1945లో వెలువడింది.

కోనంట్ తానే తరగతిలో పాఠం చెప్పసాగాడు. సూత్రాల పట్టికకు బదులు, ఒక్కొక్క ఆవిష్కరణ చరిత్రను తీసుకొన్నాడు. బాయిల్ గాలిపంపు ఒకటి. ఫ్లోజిస్టన్ వాదం మరొకటి. మండే వస్తువు నుండి ఫ్లోజిస్టన్ అనే పదార్థం వెలువడుతుందని పూర్వం నమ్మేవారు. లోహాన్ని గాలిలో బాగా కాల్చితే బరువు పెరుగుతుందని తెలిసిన తరువాత కూడా ఆ వాదం వెంటనే కూలిపోలేదు. ఆక్సిజన్‌ను తయారుచేసిన ప్రీస్ట్లీ సైతం దానిని చివరివరకు విడవలేదు. లావోయిజే అంతకంటె మెరుగైన వివరణను ఇచ్చిన తరువాతనే అది తొలగింది. ప్రతికూల సాక్ష్యం ఒక్కటే ఒక సిద్ధాంతాన్ని పడగొట్టదనీ, దాని స్థానంలో నిలువగల మరొక సిద్ధాంతం కావాలనీ విద్యార్థి దీనివల్ల గ్రహిస్తాడు. ప్రయోగశాలలో అడుగుపెట్టనివానికి కూడా ఈ జ్ఞానం జీవితాంతం ఉపయోగపడుతుంది.

ఈ బోధన బోధకునికీ ఫలించింది. భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తూ కోనంట్‌కు సహాయకుడైన థామస్ కూన్, 1947లో పాఠాల కోసం అరిస్టాటిల్ గ్రంథాన్ని చదివాడు. మొదట అన్నీ తప్పులుగానే తోచాయి. అరిస్టాటిల్ ‘చలనం’ అన్నది స్థానం మారడాన్ని మాత్రమే కాదనీ, అన్నిరకాల మార్పులనూ అనీ తెలియగానే ఆ గ్రంథానికి అర్థం ఏర్పడింది. శాస్త్ర విప్లవాలపై 1962లో కూన్ ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథానికి బీజం ఇక్కడే పడింది.

మన దేశంలో 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం కూడా సామాన్య విద్యను సిఫారసు చేసింది. దీనికి అధ్యక్షులు, పూర్వం ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్. భౌతికశాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా ఒక సభ్యుడు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా బహుశాస్త్ర విద్యను కోరింది. ఇంటర్మీడియెట్‌లోనే ఎం.పి.సి., బై.పి.సి. అని దారులు చీలిపోయే మన విద్యార్థికి దీని అవసరం ఎక్కువే.

కాలం చాలదనీ, పైపై చదువు అవుతుందనీ కొందరంటారు. పాఠ్యక్రమంలో మరొక విషయం చేర్చి ఊరుకుంటే ఆ మాట నిజమే అవుతుంది. ఒక్క ఆవిష్కరణనైనా, అది ఎట్లా కలిగిందో, దానిని ఎవరు ఎందుకు కాదన్నారో, చివరకు ఎట్లా నిలిచిందో విడమరచి చెప్పినప్పుడే సామాన్య విద్య సార్థకమవుతుంది. ఆ పని ఉన్నత పాఠశాలలోనే ప్రారంభించవచ్చును.