మూత్రాశయ బీసీజీ చికిత్స – ఎలుకల్లో వాపు ప్రక్రియ

క్షయ టీకాగా తెలిసిన బీసీజీ మూత్రాశయ క్యాన్సర్‌కు పనికొస్తుందని 1976లో ఆల్వారో మొరాలెస్ బృందం వెల్లడించింది. బలహీనపరచిన ఈ సజీవ బ్యాక్టీరియాను సన్నని గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. ఎలుకల్లో అది లోపలి గోడలోని ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. అక్కడి కణాలు సైటోకైన్లనే సంకేత ప్రొటీన్లను విడుదల చేస్తాయి. ముందు న్యూట్రోఫిల్స్, తర్వాత మాక్రోఫేజ్‌లు, టీ కణాలు అనే రోగనిరోధక కణాలు చేరి గోడ వాస్తుంది. ఒక్క మోతాదుకు టీ కణాలు పెద్దగా రావు. వారం వారం మళ్లీ ఎక్కించాలి. సీడీ4 లేదా సీడీ8 రకం టీ కణాలను తొలగించిన ఎలుకల్లో బీసీజీకి కణితిని అణచే శక్తి పోయింది. మందు పనిచేసేది రోగనిరోధక స్పందన ద్వారానే అని చూపినందున ఈ ప్రయోగాలు అన్నిటికన్నా విలువైనవి. చర్మం కింద ముందే బీసీజీ ఇచ్చిన ఎలుకల్లోనైతే టీ కణాలు మూత్రాశయాన్ని మరింత త్వరగా చేరాయి.